ఒక్క ఓటు తేడాతో రాజు తల పోయిందా? పదహారో లూయీ కేసు, అసలు లెక్క

ఫ్రెంచ్ విప్లవం మీద ఒక షార్ట్ వీడియో మీ ఫీడ్‌లో ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఉంటుంది. వెనక డ్రమ్స్, పైనుంచి గిలటిన్ బ్లేడ్ జర్రున దిగడం, స్క్రీన్ మీద పెద్ద అక్షరాలతో "ఒకే ఒక్క ఓటు తేడాతో రాజు తల తెగింది" అని. చూడగానే ఒళ్ళు జలదరిస్తుంది, ఫార్వర్డ్ కొట్టేస్తాం.

ఈ ఎపిసోడ్‌లో ఆ లెక్క విప్పి చూద్దాం. కష్టమేం కాదు, ఎందుకంటే ఓటు వేసిన 721 మందిలో ఎవరు ఏమన్నారో పేరు పేరునా రికార్డు ఉంది. కానీ ఆ లెక్క కంటే నన్ను ఎక్కువ పట్టుకున్న ప్రశ్న ఇంకోటి. ఆ దేశ రాజ్యాంగంలోనే రాజు ఒంటి మీద చెయ్యి వేయకూడదు, ఆయన వ్యక్తి పవిత్రం అని రాసి ఉంది. రాసింది రాజభక్తులు కాదు, సాక్షాత్తూ విప్లవం చేసినవాళ్ళే. రాసిన 16 నెలలకి ఆ దేశమే అదే రాజు తల తీసేసింది. మధ్యలో ఏం జరిగింది?

ముందు డబ్బు సంగతి, ఫాస్ట్‌గా. రాణి నగలు కొని, గౌన్లు కొని దేశాన్ని దివాలా తీయించిందని మనం వింటూ పెరిగాం. 1788 నాటి ఖజానా లెక్క చూడండి. ఆదాయం సుమారు 50 కోట్ల లివ్రలు, ఖర్చు 63 కోట్లు. అందులో అప్పులకి, వడ్డీలకే 32 కోట్లు పోయేవి. రాజదర్బారు మొత్తం ఖర్చు 6 శాతం దగ్గర ఉండేది. అంటే గౌన్లు కాదు బాబూ, ఈఎంఐలు. ఆ అప్పుల్లో పెద్ద ముక్క ఎక్కడిదంటే, ఇంగ్లండ్ మీద కక్షతో అమెరికా స్వాతంత్ర్య యుద్ధానికి చేసిన సాయం. రాజులు లేని దేశం పుట్టడానికి డబ్బులు పోసి ఒక రాజు దివాలా తీశాడు. అదే 1788లో మైసూరు నుంచి టిప్పు సుల్తాన్ పంపిన రాయబారులు వెర్సాయ్ వెళ్ళి లూయీని కలిశారు. మన స్కూల్ పుస్తకాల్లో వర్సైల్స్ అని ఉంటుంది చూడండి, అదే. వాళ్ళు అడిగింది ఇంగ్లీషువాళ్ళ మీద యుద్ధానికి సైన్యం. మర్యాదలు ఘనంగా జరిగాయి గానీ సైన్యం మాత్రం రాలేదు. ఆ ఖజానాతో ఇంకో యుద్ధం ఎక్కడ చేస్తాడు పాపం.

కొత్త పన్నులు వేయాలంటే ప్రతినిధుల సభ పిలవాలి. 175 ఏళ్ళుగా పిలవని ఆ సభని 1789 మేలో పిలిచారు. అది రాజు చెయ్యి దాటిపోయింది. జులై 14న బాస్టిల్ కోట పడింది. ఆ రోజు రాజు డైరీలో "ఏమీ లేదు" అని రాసుకున్నాడని నవ్వుతారు గానీ, అది వేట డైరీ. ఆ రోజు వేటలో ఏమీ పడలేదని అర్థం. మొద్దు రాజు అనే ఇమేజ్‌కి బాగా కుదిరింది కాబట్టి కథ నిలబడిపోయింది. అక్టోబర్‌లో రొట్టెల ధర మీద మండిపోయిన పారిస్ ఆడవాళ్ళు వానలో వెర్సాయ్ దాకా నడిచి వెళ్ళి, రాజుని కుటుంబంతో సహా పారిస్‌కి తీసుకొచ్చేశారు. అప్పటినుంచి ట్యూలరీ ప్యాలెస్‌లో మకాం. పేరుకి ప్యాలెస్, చుట్టూ కాపలా.

ఇక్కడ కొంచెం ఆగుదాం, ఎందుకంటే తర్వాత జరిగిన ప్రతిదానికీ మూలం ఇక్కడే ఉంది.

1791 జూన్ 20 రాత్రి. రాజు, రాణి, పిల్లలు, రాజు చెల్లెలు మారువేషాల్లో పారిస్ నుంచి జారుకున్నారు. పిల్లల్ని చూసుకునే ఆవిడ రష్యన్ జమీందారిణి వేషం, రాజుగారు ఆవిడ నౌకరు. గమ్యం తూర్పు సరిహద్దు దగ్గర మోమెదీ అనే కోట, అక్కడ నమ్మకమైన సైన్యం ఉంది. ప్లాన్ బాగానే ఉంది. కానీ అందరూ ఒకే బండిలో వెళ్ళాలని పట్టుబట్టారు, దాంతో పెద్ద బండి, మెల్లగా కదిలే బండి. గంటల కొద్దీ లేటు. దారిలో ఎదురు రావాల్సిన గుర్రపు దళం చూసి చూసి, ఇక రారులే అనుకుని వెళ్ళిపోయింది. సాంత్ మెనెహూల్ అనే ఊళ్ళో గుర్రాలు మార్చే స్టేషన్ చూసుకునే ద్రూయే అనే అతనికి అనుమానం వచ్చింది. నోటు మీది బొమ్మతో రాజు మొహాన్ని పోల్చి చూశాడని కథ ఉంది. అతను గుర్రమెక్కి అడ్డదారిలో ముందే వరెన్ అనే చిన్న ఊరు చేరి వంతెన మూయించాడు. పారిస్ నుంచి 250 కిలోమీటర్లు వచ్చి, ఇంకో 50 దాటితే గమ్యం అనగా దొరికిపోయారు. ఫ్రాన్స్ రాజు ఆ రాత్రి ఆ ఊరి కిరాణా కొట్టాయన ఇంట్లో గడిపాడు.

పారిపోయినందుకు కాదు అసలు దెబ్బ పడింది. వెళ్తూ వెళ్తూ టేబుల్ మీద స్వహస్తాలతో రాసిన ఉత్తరం పెట్టి వెళ్ళాడు. ఇన్నాళ్ళూ నేను ఒప్పుకున్నవన్నీ బలవంతం మీద ఒప్పుకున్నవే అని అందులో ఉంది. పనిలో పనిగా, ట్యూలరీలో సౌకర్యాలు బాగోలేవని, తనకిచ్చే ఏడాదికి రెండున్నర కోట్ల లివ్రలు సరిపోవడం లేదని కూడా రాశాడు. రొట్టె కోసం వానలో నడిచిన జనం ఇది చదివారండి.

మరి ప్రతినిధుల సభ ఏం చేయాలి? రెండేళ్ళు కూర్చుని రాజ్యాంగం రాశారు, దాదాపు అయిపోవచ్చింది. ఆ డిజైన్ మొత్తం రాజు చుట్టూ కట్టినదే. ఇప్పుడు రాజు లేడంటే మొదటినుంచీ మళ్ళీ రాయాలి. సాఫ్ట్‌వేర్‌లో పనిచేసినవాళ్ళకి ఈ బాధ తెలుసు. రిలీజ్‌కి వారం ముందు సిస్టమ్ గుండెకాయలోనే బగ్ బయటపడితే ఏం చేస్తారు? చాలా టీములు చేసేదే వాళ్ళూ చేశారు. బగ్‌కి వేరే పేరు పెట్టారు. రాజు పారిపోలేదు, ఆయన్ని "ఎత్తుకుపోయారు" అని ప్రకటించారు! టేబుల్ మీద ఆయన చేతిరాత ఉత్తరం ఉన్నా సరే. రాజు మాకొద్దని సంతకాలు పెట్టడానికి జులై 17న షాన్ ద మార్స్ మైదానంలో చేరిన జనం మీద నేషనల్ గార్డ్ కాల్పులు జరిపింది, చాలామంది చనిపోయారు. సెప్టెంబర్‌లో అదే రాజు అదే రాజ్యాంగానికి కట్టుబడి ఉంటానని ప్రమాణం చేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ రాజ్యాంగంలో రాజు గురించిన క్లాజులు జాగ్రత్తగా వినండి, కోర్టు సీన్ అంతా వీటి మీదే నడుస్తుంది. రాజు వ్యక్తి అతిక్రమించరానిది, పవిత్రం. సరే, మరి తప్పు చేస్తే? మూడు సందర్భాల్లో ఆయన సింహాసనం వదులుకున్నట్టు లెక్క. ప్రమాణం చేయకపోయినా, చేసి వెనక్కి తీసుకున్నా. దేశం మీదికి సైన్యాన్ని నడిపించినా, తన పేరుతో అలా జరుగుతుంటే బహిరంగంగా అడ్డుకోకపోయినా. దేశం వదిలి వెళ్ళి పిలిచినా రాకపోయినా. వీటికి శిక్ష పదవి పోవడం, అంతే. ఆ తర్వాత ఆయన మామూలు పౌరుడు, అందరిలాగే ఆయన మీద కేసు పెట్టొచ్చు. కానీ పదవి పోయిన తర్వాత చేసిన పనులకి మాత్రమే! అంటే రాజుగా ఉండగా శత్రువుతో చేతులు కలిపి సైన్యాన్ని తెచ్చినా, చట్టప్రకారం గరిష్ఠ శిక్ష ఉద్యోగం ఊడటం. తలకాయ మాటే లేదు.

1792 ఏప్రిల్‌లో ఫ్రాన్స్ ఆస్ట్రియా మీద యుద్ధం ప్రకటించింది. రాణి ఆస్ట్రియా ఆడపడుచు. రాజేమో విప్లవాన్ని ఎదిరించే మతగురువుల మీద, పారిపోయిన జమీందార్ల మీద సభ చేసిన చట్టాలకి వీటో కొడుతూ కూర్చున్నాడు, జనం ఆయనకి "వీటో గారు" అని పేరు పెట్టారు. యుద్ధంలో ఓటమి మీద ఓటమి. జులై చివర్లో శత్రు సేనాని బ్రన్స్‌విక్ డ్యూక్ పేరుతో ఒక హెచ్చరిక వచ్చింది. రాజకుటుంబానికి ఏమైనా అయితే పారిస్‌ని నేలమట్టం చేస్తామని. రాజుని కాపాడాలని రాసిన ఆ కాగితమే రాజు కొంప ముంచింది. శత్రువు మన రాజు తరఫున మాట్లాడుతున్నాడంటే, రాజు ఎవరి మనిషి?

ఆగస్టు 10న పారిస్ పేటల జనం, మార్సెయ్ నుంచి వచ్చిన దళాలు కలిసి ట్యూలరీ మీదికి దండెత్తాయి. రాజు కుటుంబంతో తోట దాటి వెళ్ళి ప్రతినిధుల సభలో తలదాచుకున్నాడు. ఆయన్ని కాపాడటానికి నిలబడ్డ స్విస్ గార్డులు ప్యాలెస్‌లోనే ఉండిపోయారు. కాల్పులు ఆపమని ఆయన రాసిన చీటీ ఆలస్యంగా చేరింది. సుమారు 600 మంది స్విస్ సైనికులు చచ్చిపోయారు, దాడి చేసినవాళ్ళలోనూ వందల్లో పడిపోయారు. రాజు మాత్రం సభాధ్యక్షుడి వెనక, ఉపన్యాసాలు రాసుకునేవాళ్ళు కూర్చునే ఇరుకు గదిలో కూర్చుని తన పదవి పోవడం వింటున్నాడు. మూడు రోజుల తర్వాత కుటుంబం మొత్తాన్ని టెంపుల్ అనే పాత కోటలో పెట్టారు. సెప్టెంబర్ 21న కొత్తగా ఎన్నికైన కన్వెన్షన్ రాచరికాన్నే రద్దు చేసింది. ఇప్పటినుంచి ఆయన లూయీ కాపే, ఇంటిపేరు ఉన్న మామూలు మనిషి.

పడగొట్టడం అయింది. ఇప్పుడు ఈ మనిషిని ఏం చేయాలి?

నవంబర్ 13న కన్వెన్షన్‌లో సాంజుస్త్ అనే 25 ఏళ్ళ కుర్రాడు మొదటిసారి మాట్లాడటానికి లేచాడు. మనలో చాలామంది కంటే చిన్నోడు. అతని వాదన ఏంటంటే, రాజ్యాంగం పౌరుల మధ్య ఒప్పందం, రాజు అందులో పార్టీయే కాదు, ఆయన మనకి శత్రువు, శత్రువుకి విచారణ ఏంటి? డిసెంబర్ 3న రోబెస్పియర్ ఇంకో అడుగు ముందుకేశాడు. విచారణ పెట్టామంటే రాజు నిర్దోషి అయ్యే అవకాశం ఉందని ఒప్పుకున్నట్టే. రాజు నిర్దోషి అయితే ఆగస్టు 10న ఆయన మీద తిరగబడ్డ జనమంతా నేరస్థులు. విప్లవమే బోనులో నిలబడుతుంది. కాబట్టి విచారణ వద్దు, తీర్పు ఆగస్టు 10నే అయిపోయింది.

ఈ వాదన నాకు నచ్చదు. కానీ లాజిక్ అని చూస్తే, ఆ హాల్లో అందరికంటే క్లియర్‌గా మాట్లాడింది ఇతనే. మిగతావాళ్ళు చట్టం చట్టం అంటూ చట్టంలో లేని పని చేయబోతున్నారు, ఇతను మాత్రం ఇది చట్టం కాదు, రాజకీయం అని మొహం మీదే చెప్పాడు. ఇంకో సంగతి. ఏడాదిన్నర ముందు, 1791 మేలో, మరణశిక్షనే రద్దు చేయాలని సభలో గట్టిగా వాదించిన మనిషి కూడా ఈ రోబెస్పియరే.

ఈలోగా ఒక సాక్ష్యం బయటపడింది. రాజుకి తాళాలు చేయడం హాబీ, ఆ పని ఆయనకి నేర్పింది గామాఁ అనే తాళాలాయన. ట్యూలరీ గోడలో ఒక రహస్య ఇనప బీరువా ఉందని ఆయనే వెళ్ళి మంత్రి రోలాఁకి చెప్పేశాడు. నవంబర్ 20న తెరిచారు. రోలాఁ సాక్షులెవరూ లేకుండా కాగితాలు తీసుకెళ్ళాడు, దాంతో తన మనుషుల కాగితాలు కొన్ని మాయం చేశాడని అనుమానం పుట్టింది. ఆ కాగితాల్లో ఏముంది? విప్లవ హీరో మిరబో రాజు దగ్గర డబ్బు తీసుకుని రహస్యంగా సలహాలిచ్చాడని తేలింది. పాపం జాతీయ వీరుడని పాంథియన్‌లో సమాధి కట్టారు, తర్వాత అక్కడి నుంచి తీసేశారు. రాజు విప్లవాన్ని మనసులో ఎప్పుడూ ఒప్పుకోలేదని కూడా తేలింది. కానీ నేరుగా శత్రు రాజులతో కుట్ర పన్నాడని నిరూపించే కాగితం అందులో దొరకలేదు.

అలాంటి కాగితాలు ఉన్నాయి. వేరే చోట. 1792 మార్చిలో రాణి మేరీ ఆంత్వానెత్ ఫ్రాన్స్ యుద్ధ పథకాన్ని ఆస్ట్రియా వాళ్ళకి ఉత్తరంలో రాసి పంపింది. ఇప్పుడు ఆ ఉత్తరం చరిత్రకారుల దగ్గర ఉంది, కన్వెన్షన్ దగ్గర లేదు. అంటే వాళ్ళ అనుమానం నిజం, చేతిలో సాక్ష్యం మాత్రం నిల్.

డిసెంబర్ 11న రాజుని తీసుకొచ్చి ఆరోపణలు ఒక్కొక్కటే చదివి అడిగారు. పక్కన లాయర్ లేడు. ఇక్కడ ఒక పోలిక చెప్పాలి. 1649లో ఇంగ్లండ్ రాజు మొదటి చార్లెస్‌ని ఇలాగే నిలబెడితే, నన్ను విచారించే అధికారం మీకెక్కడిది అని అసలు జవాబే చెప్పలేదు. చివరికి తల పోయింది గానీ ఆ ప్రశ్న మిగిలిపోయింది. లూయీ ఆ చరిత్ర బాగా చదువుకున్నవాడు. అయినా జవాబులు చెప్పడం మొదలుపెట్టాడు. నాకు తెలీదు, ఆ రాత నాది కాదు, ఆ బీరువా సంగతి నేనెరగను. తన తాళాలు నేర్పిన గురువే పెట్టిన బీరువా! అబద్ధం చెబుతున్నాడని హాల్లో అందరికీ అర్థమైపోయింది.

ఆయన తరఫున నిలబడ్డవాళ్ళలో మాల్జెర్బ్ గురించి చెప్పకపోతే అన్యాయం. 71 ఏళ్ళ ముసలాయన. పాత రోజుల్లో సెన్సార్ ఆఫీసర్‌గా ఉంటూనే, నిషేధించిన ఫ్రెంచ్ విజ్ఞాన సర్వస్వాన్ని కాపాడిన మనిషి. విప్లవం ఏ పుస్తకాల్లోంచి పుట్టిందంటారో ఆ పుస్తకాలకి గొడుగు పట్టింది ఈయనే. ఇప్పుడు తనంతట తానే వచ్చి రాజు కేసు తీసుకున్నాడు. 1794లో ఆయన్ని, ఆయన కూతుర్ని, మనవరాలిని గిలటిన్ ఎక్కించారు.

డిసెంబర్ 26న ఇంకో లాయర్ ద సెజ్ వాదించాడు. పాయింట్ సూటిగా ఉంది. ఆయన్ని రాజు అంటారా, అయితే రాజ్యాంగం ప్రకారం పదవి తీసేయడమే గరిష్ఠ శిక్ష, అది ఎప్పుడో అయిపోయింది. పౌరుడు అంటారా, అయితే పౌరుడికి ఇచ్చే రక్షణలు ఏవి? కొత్త చట్టం ప్రకారం మామూలు దొంగకి కూడా 12 మంది జ్యూరీ ఉంటారు. అందులో ముగ్గురు కాదంటే చాలు, వదిలేయాలి. ఇక్కడేమో ఆరోపణ చేసేదీ, విచారించేదీ, శిక్ష వేసేదీ ఒకే సభ. దీనికి నాకు తెలిసి కన్వెన్షన్‌లో ఎవరూ సరైన జవాబు చెప్పలేదు. రోబెస్పియర్ చెప్పాడు అనుకోవచ్చు, ఇది కోర్టు కాదు అని.

ఇప్పుడు ఓట్లు. 1793 జనవరి 15 నుంచి నాలుగు ప్రశ్నలు, ఒక్కోదానికి రోల్‌కాల్. సీక్రెట్ బ్యాలెట్ కాదు. ఒక్కొక్కరూ వేదిక ఎక్కి, గ్యాలరీల్లో పారిస్ జనం చూస్తుండగా, గట్టిగా తమ ఓటు చెప్పాలి.

మొదటి ప్రశ్న, లూయీ దోషా? 693 మంది అవునన్నారు. కాదని ఒక్కరూ అనలేదు, కొంతమంది తప్పుకున్నారు. రెండోది, తీర్పుని దేశప్రజల ఓటింగ్‌కి పెడదామా? జిరోండిన్ వర్గం దీని మీద ఆశలు పెట్టుకుంది. 424 మంది వద్దన్నారు, ఓడిపోయింది. మూడోది శిక్ష. జనవరి 16 సాయంత్రం మొదలై, రాత్రంతా నడిచి, 17 సాయంత్రం దాకా సాగింది. మూడింట రెండొంతుల మెజారిటీ ఉండాలని కొందరు అడిగారు, సభ ఒప్పుకోలేదు, సగం ప్లస్ ఒకటి చాలంది. ఈ నిర్ణయం గుర్తుపెట్టుకోండి.

ముందుగా పిలిచిన జిల్లా ప్రతినిధి మాయ్ మరణం అన్నాడు, దానికి ఒక తోక తగిలించాడు. మెజారిటీ మరణానికే వస్తే, అమలు వాయిదా వేయడం మంచిదేమో సభ ఆలోచించాలని. అతనితో కలిపి 26 మంది ఇదే తోకతో ఓటేశారు. ద్యుషాతెల్ అనే ప్రతినిధి జబ్బుతో మంచం మీద ఉన్నవాడు, తలకి గుడ్డ చుట్టుకుని వచ్చి మరణం వద్దని చెప్పి వెళ్ళాడు. రాజుకి సొంత బంధువు, ఓర్లియాన్ డ్యూక్, విప్లవంలో పేరు మార్చుకుని ఫిలిప్ ఎగాలితే అయినవాడు, మరణం అన్నాడు. రాజుని ద్వేషించేవాళ్ళు కూడా గుసగుసలాడారట ఆ మాటకి.

ఇంకో ఇద్దరు. థామస్ పెయిన్, ఇంగ్లండ్‌లో పుట్టి అమెరికా విప్లవంలో పేరు తెచ్చుకుని ఇక్కడ ఎన్నికైనవాడు. రాచరికం మీద ఆయన కంటే గట్టిగా రాసినవాళ్ళు అరుదు. ఆయన, లూయీని అమెరికాకి పంపేయండి, తల మాత్రం తీయొద్దు అన్నాడు. రెండో మనిషి కాండోర్సే. బీటెక్‌లో కాకపోయినా ఎక్కడో ఒకచోట మీరు కాండోర్సే పారడాక్స్ విని ఉంటారు. ముగ్గురు అభ్యర్థులుంటే మెజారిటీ తనలో తనే తిరకాసు పడొచ్చని చూపించిన గణిత శాస్త్రవేత్త. మెజారిటీ ఓటు ఎప్పుడు నిజానికి దగ్గరగా ఉంటుందో లెక్కలు కట్టిన మనిషి ఆ రాత్రి ఆ క్యూలో నిలబడ్డాడు. మరణశిక్షకి నేను సూత్రప్రాయంగా వ్యతిరేకిని, అది తప్ప అన్నిటికంటే కఠినమైన శిక్ష వేయండి అన్నాడు.

మొదట ప్రకటించిన లెక్కలో తేడాలుంటే 18న సరిచేశారు. ఆ లెక్క ఇది. ఓటేసింది 721. మెజారిటీకి కావాల్సింది 361. షరతులేమీ లేకుండా మరణం అన్నవాళ్ళు సరిగ్గా 361. అదీ మీ షార్ట్ వీడియో! ఒక్కరు తగ్గినా దాటేది కాదు అనే కథ పుట్టింది ఇక్కడే, ఆ ఒక్కడు రాజు బంధువు ఎగాలితే అని మసాలా కూడా కలిపారు.

కానీ ఆ 26 మంది ఏరీ? వాళ్ళనే అడిగారు. మా తోక షరతు కాదు, మరణం ఓటు మరణం ఓటే అన్నారు. కాబట్టి 387, ఎదురుగా 334. తేడా 53. అంతే కాదు, ఆ 334లో 46 మంది కూడా మరణమే అన్నారు, కాకపోతే ఇప్పుడు కాదు, వాయిదా వేసి అన్నారు. అంటే మరణం అనే మాట పలికినవాళ్ళు 433. ఏ రకంగా లెక్కపెట్టినా ఒక్క ఓటు కాదు. నాలుగో ప్రశ్న, అమలు ఆపుదామా అనేదానికి 310 మంది ఆపమన్నారు, 380 మంది వద్దన్నారు. అక్కడ తేడా 70.

అయితే ఇదే లెక్కని ఇంకోలా తిప్పి చూడండి. 387 అంటే 53.7 శాతం. మూడింట రెండొంతులు పెట్టి ఉంటే 481 కావాలి, రాజు బతికిపోయేవాడు. మామూలు దొంగకి ఇచ్చే రూల్, 12లో 10, అంటే 83 శాతం పెట్టి ఉంటే చర్చే లేదు. రాజు ప్రాణం ఒక మనిషి ఓటు మీద కాదు, మెజారిటీ అంటే ఎంత అనే ఆ ఒక్క నిర్ణయం మీద వేలాడింది. దాని గురించి షార్ట్ వీడియో ఎవరూ చేయరు.

నన్ను అడిగితే, లూయీ చేసింది ద్రోహమే. శత్రువు గెలవాలని కోరుకున్న దేశాధినేత ఆయన. కానీ ఆయనకి జరిగింది న్యాయ విచారణ కాదు. ఈ రెండూ ఒకేసారి నిజం కావచ్చు.

జనవరి 20న తీర్పు చెప్పారు. మూడు రోజులు గడువు అడిగాడు, ఇవ్వలేదు. మతగురువుని, కుటుంబాన్ని చూడనిచ్చారు. రేపు పొద్దున మళ్ళీ కలుస్తానని పిల్లలకి చెప్పాడు, పొద్దున వెళ్ళలేదు, ఇంకోసారి ఆ ఏడుపు తట్టుకోలేనని. అదే సాయంత్రం, మరణానికి ఓటేసిన లెపెల్తియే అనే ప్రతినిధిని ఒక హోటల్లో భోంచేస్తుండగా రాజు పాత అంగరక్షకుడొకడు కత్తితో పొడిచి చంపేశాడు. ఈ లెపెల్తియే కూడా 1791లో మరణశిక్ష వద్దని ప్రతిపాదన పెట్టినవాడే.

21 ఉదయం మూసేసిన బండిలో, దారి పొడవునా సైనికుల వరసల మధ్య, ఇప్పటి ప్లాస్ ద లా కాంకోర్డ్ చౌక్‌కి తీసుకొచ్చారు. అంతకుముందు దాని పేరు పదిహేనో లూయీ చౌక్, వాళ్ళ తాతది. తాత విగ్రహం కూల్చేయగా మిగిలిన దిమ్మె ఖాళీగా నిలబడి ఉంది. వేదిక మీద నేను నిర్దోషిగా చచ్చిపోతున్నానని, తన చావుకి కారణమైనవాళ్ళని క్షమిస్తున్నానని చెప్పబోయాడు. డ్రమ్ములు మోగించారు, మాట మునిగిపోయింది. 10 గంటల 22 నిమిషాలు. 38 ఏళ్ళు. అందరికీ ఒకే రకం శిక్ష అంటూ ఆ యంత్రాన్ని తెచ్చిన చట్టానికి పది నెలల ముందు ఆమోదం తెలిపింది కూడా ఆయనే.

పదకొండు రోజుల్లో, ఫిబ్రవరి 1న, ఫ్రాన్స్ ఇంగ్లండ్ మీద యుద్ధం ప్రకటించింది. ఆ సెగ మన దాకా వచ్చింది. ఆ ఏడాదే పుదుచ్చేరిని, గోదావరి ఒడ్డున ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉన్న మన యానాంని ఇంగ్లీషువాళ్ళు లాగేసుకున్నారు. హైదరాబాద్‌లో నిజాం దగ్గర రేమండ్ అనే ఫ్రెంచ్ సేనాని ఉండేవాడు, మెట్రోలో వెళ్తుంటే మూసారంబాగ్ స్టేషన్ వస్తుంది చూడండి, ఆ పేరు ఆయనదే. ఆయన పెంచిన సైన్యం విప్లవ జెండా పట్టుకు తిరుగుతుందని కంపెనీ వాళ్ళకి నిద్ర పట్టేది కాదు. 1798లో ఆయన చనిపోయాడు, ఆ ఏడాదే ఆ సైన్యం చేత ఆయుధాలు దించేయించారు.

ఓటేసినవాళ్ళు ఏమయ్యారో చెప్పి ముగిస్తాను. తీర్పు చదివిన సభాధ్యక్షుడు వెర్నియో, తలగుడ్డతో వచ్చిన ద్యుషాతెల్ అదే ఏడాది అక్టోబర్ 31న ఒకే రోజు గిలటిన్ ఎక్కారు. ఒకడు మరణం అన్నాడు, ఒకడు వద్దన్నాడు. ఎగాలితే నవంబర్‌లో. కాండోర్సే 1794లో జైల్లో చనిపోయాడు. సాంజుస్త్, రోబెస్పియర్ ఆ జులైలో ఒకే రోజు. థామస్ పెయిన్‌ని జైల్లో వేశారు గానీ బతికి బయటపడ్డాడు.

గట్టిగా చెప్పించి, పేరు పేరునా రాయించిన ఆ ఓట్ల జాబితా మాత్రం భద్రంగా ఉంది. చనిపోయిన రాజు తమ్ముడు పద్దెనిమిదో లూయీగా సింహాసనం ఎక్కాక, 1816 జనవరిలో చట్టం చేసి, అన్నకి మరణం అని ఓటేసి, తర్వాత నెపోలియన్ తిరిగొచ్చినప్పుడు మళ్ళీ అతని వైపు వెళ్ళినవాళ్ళని దేశం నుంచి వెళ్ళగొట్టాడు. విప్లవం బొమ్మలు గీసిన మహా చిత్రకారుడు దావీద్ కూడా ఆ లిస్టులో ఉన్నాడు. ఆయన 1825లో బ్రస్సెల్స్‌లో పోయాడు, తిరిగి ఫ్రాన్స్ చూడలేదు.

రాణి కేసు దీనికంటే ఘోరంగా నడిచింది, దానికి వేరే ఎపిసోడ్ కావాలి. నెక్స్ట్ అదే. అప్పటిదాకా, ఉంటాను ఫ్రెండ్స్.